స్కౌటు నాయకునికి స్కార్ఫ్ అవసరమా?

ఈ శీర్షిక చదివి కొందరు పాఠకులు నవ్వుకొనవచ్చును. లోకంలో ఇన్ని సమస్యలుండగా, తెలుగు పాఠాలు చెప్పుకొనే ఉపన్యాసకుడొకడు మెడకు కట్టుకొనే మూరెడు గుడ్డను గురించి వార్షిక సంచికలో నాలుగు పుటలు నింపడమేమిటని అడుగవచ్చును. ఈ ప్రశ్న నేను కోరి తెచ్చుకొన్నది కాదు. ఈ విద్యాసంవత్సరం మన కళాశాల రోవర్ దళానికి కొత్త దుస్తుల పద్దు తయారవుతున్నప్పుడు, కార్యవర్గంలోని పెద్దలొకరు ఒక మాట అన్నారు. విద్యార్థులకు స్కార్ఫులు సరే, వారిని నడిపించే అధ్యాపకులకు కూడా ఎందుకు, వారికి టై అయితే హుందాగా ఉంటుంది కదా అని. ఆ మాటలో దురుద్దేశమేమీ లేదు. అధ్యాపకుల గౌరవాన్ని కోరియే ఆయన అలా అన్నారు. నేను ఆ క్షణంలో తగిన సమాధానం చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చిన తరువాత తోచిన సమాధానమే ఈ వ్యాసం.

స్కౌటు ఉద్యమంతో పరిచయం లేని పాఠకులకు ముందుగా ఒక మాట చెప్పాలి. స్కార్ఫ్ అంటే త్రికోణాకారపు గుడ్డ. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమావళి ప్రకారం దాని రెండు భుజాలు 70 నుండి 80 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. పొడవైన అంచు నుండి చుట్టుకొంటూ వచ్చి, కాలరు మీదుగా మెడ చుట్టూ వేసి, ముందుకు వచ్చిన రెండు కొసలను వాగిల్ అనే చిన్న కడియంలో దూర్చి బిగిస్తారు. రంగు దళానికొకటి. ఆకుపచ్చ, ఊదా, పసుపు రంగులు మాత్రం దళాలకు ఇవ్వరు. మన విద్యార్థులు మొదట ఆకుపచ్చనే కోరి, అది కుదరదని తెలిసి కొంత నిరుత్సాహపడి, చివరకు తెల్లని అంచు గల నీలిరంగుకు ఒప్పుకొన్న సంగతి మన కళాశాలలో చాలామందికి తెలుసు. ఆ చర్చ మూడు సాయంత్రాలు సాగింది. ఎం.ఏ.లో నేను చేసిన ఏ చర్చా అంత తీవ్రంగా సాగలేదు.

నియమావళి దళనాయకుని దుస్తులలోనూ స్కార్ఫును చేర్చింది. నియమమున్నది గనుక ధరించండి అని చెప్పి ఈ వ్యాసాన్ని ఇక్కడే ముగించవచ్చును. కాని నియమం చెప్పినంత మాత్రాన మనసు ఒప్పుకోదు. ర్యాలీ నాడు, ఛాయాచిత్రం తీసే నాడు స్కార్ఫ్ వేసుకొని, తక్కిన రోజులలో దానిని బీరువాలో దాచే నాయకులను మనమందరమూ ఎరుగుదుము. ఇతర దేశాలలో కూడా ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో దళనాయకులు పిల్లలతో పాటు తమ దళపు స్కార్ఫునే వేసుకొంటారు. అమెరికాలో స్కార్ఫ్ వేసుకోవాలా వద్దా అన్నది ఆయా దళాల ఇష్టానికి వదలిపెట్టారు. అక్కడ మెడలో ఏమీ లేకుండా, లేదా దారానికి బిళ్ళ కట్టిన బోలో టైతో కనిపించే పెద్దలు ఎందరో ఉన్నారు. కనుక మన పెద్దలు వేసిన ప్రశ్న వింతదేమీ కాదు. దానికి సమాధానం వెదకాలంటే ఈ గుడ్డ ఎక్కడ నుండి వచ్చినదో కొంత చూడాలి.

ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ 1896లో దక్షిణాఫ్రికా ప్రాంతంలో, మటబెలే యుద్ధ కాలంలో, ఫ్రెడరిక్ బర్న్‌హామ్ అనే అమెరికా దేశపు వేగువానితో కలసి కొండలలో తిరిగాడు. బర్న్‌హామ్ మెడకు ఎప్పుడూ ఒక చేతిరుమాలు వంటి గుడ్డ ఉండేది. వెడల్పు అంచు టోపీ, మెడకు గుడ్డ, ఈ రెండూ బేడెన్ పవెల్‌కు అక్కడనే అలవాటైనాయి. అది ఆ దేశపు ప్రజలను అణచడానికి జరిగిన యుద్ధమన్న సంగతిని మనం దాచనక్కరలేదు. ఇప్పుడు నాకు కావలసినది వేరు. ఎండ నుండి మెడను కాపాడుకొనడానికి, చెమట తుడుచుకొనడానికి, గాయానికి కట్టు కట్టడానికి ఆ గుడ్డను వాడినవారు వయసు వచ్చిన మనుషులు. పిల్లల కోసం పుట్టిన అలంకారం కాదది. పెద్దలు వాడిన వస్తువు పిల్లల చేతికి వచ్చింది.

1907 ఆగస్టులో బ్రౌన్‌సీ ద్వీపంలో జరిగిన మొదటి శిబిరానికి ఇరవై మంది పైచిలుకు బాలురు వచ్చారు. వారిలో సంపన్నులు చదివే పాఠశాలల నుండి వచ్చినవారూ ఉన్నారు, శ్రామిక కుటుంబాల పిల్లలూ ఉన్నారు. మరుసటి సంవత్సరం, అనగా 1908లో, 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' వెలువడింది. అందరికీ ఒకే దుస్తులుంటే కలిమిలేముల తేడా కంటికి కనిపించదన్నది బేడెన్ పవెల్ ఆలోచనలలో ఒకటి. ఆ పుస్తకంలోనే ఇంకొక చిత్రమైన ఏర్పాటు కనిపిస్తుంది. స్కౌటు ప్రతి ఉదయం తన మెడగుడ్డ కొసన ఒక ముడి వేసుకోవాలి. ఆనాటికి ఒక మంచిపని చేసిన తరువాతనే ఆ ముడి విప్పుకోవాలి. దీనిని మన విద్యార్థులకు చెప్పినప్పుడు ఒకడు, "ముడి విప్పడం మరచిపోతే సార్?" అని అడిగాడు. మరునాడు రెండు పనులు చేయమన్నాను. నా కొసన ముడి ఉన్నదా అని అతడు అడగలేదు. అడిగి ఉండవలసినది.

పెద్దలకు స్కార్ఫ్ తగదనే వారికి నేను ముఖ్యంగా గుర్తు చేయదలచినది 1919 నాటి సంగతి. స్కౌటు నాయకులకు శిక్షణ ఇవ్వడానికి ఒక స్థలం కావలసి, మాక్లారెన్ అనే స్కాట్లండ్ దాత ఇచ్చిన ధనంతో లండన్ సమీపాన గిల్‌వెల్ పార్కును కొన్నారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో అక్కడ మొదటి శిక్షణ తరగతి జరిగింది. శిక్షణ పూర్తిచేసిన పెద్దలకు ఏమి బహూకరించాలన్న ప్రశ్న వచ్చింది. పతకమా, పట్టీయా, కత్తియా? వారికి ఇచ్చినది తోలుతాడుకు కట్టిన రెండు కొయ్యపూసలు. కొంతకాలానికి వాటితో పాటు ఒక స్కార్ఫ్ కూడా ఏర్పడింది. ఆ పూసలు జూలూ రాజు డినుజులు కంఠహారంలోనివి. ఓడిన రాజు హారం గెలిచినవారి గౌరవచిహ్నం కావడం నాకు ఎప్పుడూ కొంత బాధ కలిగించే విషయమే. స్కార్ఫును మొదట మాక్లారెన్ వంశపు గళ్ళగుడ్డతోనే కుట్టారు. ఖర్చు ఎక్కువ అవుతున్నదని తరువాత మామూలు గుడ్డతో కుట్టి, వీపు వైపు కొసన ఆ గళ్ళగుడ్డ ముక్కను మాత్రం అతికించారు. ఈనాటికీ ప్రపంచమంతటా అంతే. మన దేశంలో హిమాలయ వుడ్ బ్యాడ్జి పొందిన నాయకులు ధరించేదీ ఆ పూసలూ ఆ స్కార్ఫే. పెద్దలకు స్కార్ఫ్ హుందా కాదని అనుకొని ఉంటే, ఉద్యమం తన నాయకులకిచ్చే పెద్ద గౌరవాన్ని స్కార్ఫ్ రూపంలో ఎందుకిస్తుంది?

మన దేశంలో ఈ గుడ్డకు ఇంకొక కథ ఉన్నది. 1909లో బెంగుళూరులో మొదటి దళం ఏర్పడినప్పుడు అది తెల్లవారి పిల్లలకూ ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ మాత్రమే. భారతీయ బాలురకు ప్రవేశం లేదు. అందుకే అనిబిసెంట్ 1916లో మద్రాసులో వేరొక సంస్థను స్థాపించింది. ఆ సంస్థ బాలురు టోపీకి బదులు తలపాగా చుట్టుకొన్నారు. మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ వంటివారు అలహాబాదులో సేవాసమితి స్కౌటు సంస్థను నడిపారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ వేరువేరు సంస్థలను ఒక్కటి చేయడానికి పూనుకొన్నవారిలో విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఒకరు. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. ఒకప్పుడు మన పిల్లలకు అందకుండా ఉంచిన దుస్తులు అవి. వాటిని అడిగి తెచ్చుకొన్నవారు పెద్దలు. ఆ పెద్దల వరుసలో నిలబడిన మనం, పిల్లలకు వేసి మనం తీసివేయడం నాకు సమంజసంగా తోచదు.

ఇక మెడలో గుడ్డ చిన్నపిల్లల వేషమన్న మాట. ఇది మన దేశపు ఊహేనా అని నాకు సందేహం. తెలుగు నాట ఉత్తరీయం, కండువా, తువ్వాలు ఎవరి భుజాన ఉంటాయి? బడిపిల్లవాని భుజాన కాదు గదా! పంచాయతీకి వచ్చిన పెద్దమనిషి కండువా లేకుండా రచ్చబండ ఎక్కడు. రైతు భుజం మీది తువ్వాలు చెమట తుడుస్తుంది, ఎండకు తలపాగా అవుతుంది, సంతలో కూరగాయలకు మూట అవుతుంది, చెట్టు కింద పరుపు అవుతుంది. బర్న్‌హామ్ మెడగుడ్డ చేసిన పనులన్నీ మన రైతు తువ్వాలు అంతకు ముందు నుంచే చేస్తున్నది. మన ముస్లిం కుటుంబాలలోనూ పెద్దల భుజాన రుమాల్ ఉంటుంది. నమాజుకు ముందు ముఖం తుడుచుకొనడానికి మా తాతగారు వాడిన గళ్ళ రుమాల్ నాకు ఇంకా కళ్ళలో మెదులుతున్నది. ఈ మాట ఫారసీ నుండి వచ్చింది. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి, మన పల్లెలలో తలగుడ్డకు కూడా అదే పేరైంది. ఒకే గుడ్డ ఒక భాషలో ముఖం తుడిచి మరొక భాషలో తలకెక్కిందన్న మాట. మా ఉర్దూ శాఖ మిత్రులకు ఈ వ్యుత్పత్తి చెబితే ఒక కప్పు టీ లభించింది. టై వేసుకొన్నవాడు పెద్దమనిషి, గుడ్డ వేసుకొన్నవాడు పిల్లవాడు అన్న భేదం మనకు ఆఫీసుల నుండి వచ్చింది. ఇంటి నుండి కాదు.

ఇంత చెప్పిన నేను ఎప్పుడూ స్కార్ఫ్ ధరించానా అంటే, లేదు. ఆ సంగతి దాచి ఈ వ్యాసం వ్రాయడం ధర్మం కాదు.

కొన్ని సంవత్సరాల క్రిందట ఏప్రిల్ నెలలో ఒక ర్యాలీకి మన దళాన్ని తీసుకొని వెళ్ళాను. వేదిక మీద అధికారులు సూట్లలో ఉన్నారు. నన్ను కూడా వేదిక మీదకు పిలుస్తారని ఎవరో చెప్పారు. మైదానంలోకి వెళ్ళే ముందు నా స్కార్ఫును తీసి మడిచి జేబులో పెట్టుకొన్నాను. ఎండ అని నాకు నేను చెప్పుకొన్నాను గాని, నిజానికి ఆ అధికారుల పక్కన కూర్చున్నప్పుడు పిల్లవానిలా కనిపిస్తానేమోనన్న బిడియమే అందుకు కారణం. వరుసలు చూస్తూ వస్తుంటే మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు స్కార్ఫ్ లేకుండా నిలబడి ఉన్నాడు. నేను అతనిని కారణం అడగలేదు. వరుసలో నుండి బయటకు వెళ్ళి నిలబడమన్నాను. అతడు తల వంచుకొని వెళ్ళి, కార్యక్రమం ముగిసేవరకు నీళ్ళ డ్రమ్ముల దగ్గర నిలబడ్డాడు. వేదిక మీదకు నన్ను ఎవరూ పిలవలేదు.

వారం తరువాత ఆ విద్యార్థి వరండాలో నా దగ్గరకు వచ్చి, ఎంతో వినయంగా, "సార్, ఆ రోజు మీ స్కార్ఫ్?" అన్నాడు.

"జేబులో ఉండెను" అన్నాను.

"నాది తీగ మీద ఉండెను సార్. రాత్రి అమ్మ ఉతికింది. తెల్లవారేసరికి ఆరలేదు" అని చెప్పి, సలాం చేసి వెళ్ళిపోయాడు.

అతడు నన్ను నిలదీయలేదు. ఆ మాటలో కోపం లేదు. తడి గుడ్డ తీగ మీద ఉండడానికీ, పొడి గుడ్డ జేబులో ఉండడానికీ గల తేడాను నేను ఆ సాయంత్రమంతా ఆలోచించాను. అతడు దీక్ష తీసుకొన్న రోజున ఆ స్కార్ఫును అతని మెడలో వేసినది నేనే. దైవం పట్ల, దేశం పట్ల తన కర్తవ్యాన్ని నెరవేరుస్తానని, ఇతరులకు సహాయపడతానని అతని చేత పలికించినదీ నేనే. ఆ మాటలను అంతకు ముందు నేను కూడా పలికి ఉన్నాను. దళనాయకుడు ఆ ప్రతిజ్ఞకు వెలుపల నిలబడి దానిని కాపలా కాసేవాడు కాడు, లోపల ఉన్నవారిలో ముందు చేరినవాడు. నా అభిప్రాయమంతా ఇంతే. స్కార్ఫ్ ధరించమని విద్యార్థిని అడిగే హక్కు, దానిని తాను ధరించినవానికే ఉంటుంది.

కొందరు సహాధ్యాపకులు, అందరి మెడలో ఒకే రంగు ఉంటే నాయకుడెవరో ఎలా తెలుస్తుందని అడిగారు. భుజం మీద హోదా చిహ్నాలున్నాయి, పూసలున్నాయి, మన జుట్టులో నెరసిన వెంట్రుకలున్నాయి. హోదా చెప్పడానికి ఇన్ని ఉండగా, హోదా చెప్పని వస్తువు ఒక్కటైనా దుస్తులలో మిగలనీయండి.

ఎండ విషయంలో మాత్రం నేను కొంత దిగివస్తాను. మన ప్రాంతపు మే నెల ఎండలో మెడకు గుడ్డ బిగించుకొని నడవడం కష్టమే. అయితే ఆ కష్టానికి సగం కారణం అంగళ్ళలో దొరికే మెరిసే పాలిస్టర్ స్కార్ఫులు. అవి చెమట పీల్చవు, ముడి నిలవదు, గాయానికి కట్టడానికి అసలే పనికిరావు. నూలు గుడ్డ అయితే తడిపి మెడకు వేసుకొన్నా హాయిగా ఉంటుంది. ఇకపై నూలుదే కొనాలని నా విన్నపం. ప్రయోగశాలలో, యంత్రాల దగ్గర, వంట పొయ్యి దగ్గర తీసివేయాలన్న జాగ్రత్త పెద్దలకూ పిల్లలకూ సమానమే. తీస్తే అందరమూ తీద్దాము. మైదానంలో వాడికి ఎండ, వేదిక మీద నాకు నీడ, వాడికి స్కార్ఫ్, నాకు మినహాయింపు అన్నది మాత్రం ఉండరాదు.

రేంజర్ దళపు అధ్యాపికల విషయం కూడా చర్చలో వచ్చింది. చీర మీద, హిజాబ్ మీద స్కార్ఫ్ ఎలా నిలుస్తుందన్నారు. దీనిని మగవారు కూర్చొని తేల్చడం నాకు విడ్డూరంగా తోచింది. మా సహాధ్యాపికను అడిగితే, రెండు పిన్నీసులతో అయ్యే పనికి ఇంత చర్చా అని నవ్వారు.

నన్ను నిజంగా ఇరుకున పెట్టిన అభ్యంతరం వేరొకటి ఉన్నది. ప్రతి ర్యాలీలో ముఖ్య అతిథికి, ఆయన వెంట వచ్చినవారికి, ఒక్కొక్కప్పుడు ఆయన కారు డ్రైవరుకు కూడా స్కార్ఫులు వేస్తారు. వారిలో ప్రతిజ్ఞ చేసినవారు ఎందరు? పెద్దల మెడలో స్కార్ఫ్ అంత చవుక అయినప్పుడు, అది వేసుకొన్నంత మాత్రాన నాయకుని చిత్తశుద్ధి ఎలా తెలుస్తుందని ఒక మిత్రుడు అడిగాడు. ఆయన అన్నది నిజమే. దీనికి నా దగ్గర ఒకటే మార్గమున్నది. అతిథికి శాలువా కప్పుదాం, పూలమాల వేద్దాం, మంచి పుస్తకం ఇద్దాం. స్కార్ఫ్ మాత్రం ప్రతిజ్ఞ చేసినవారికే ఉంచుదాం. ఇందువల్ల ఒకరిద్దరు పెద్దలకు మనసు నొచ్చుకొన్నా, చిన్నవారికి ఆ గుడ్డ విలువ తెలుస్తుంది. ఈ సూచన కార్యవర్గానికి రుచించకపోవచ్చునని నాకు తెలుసు. వచ్చే వార్షికోత్సవానికి ఎవరిని ఆహ్వానించాలో ఇప్పటికే నిర్ణయమైనదని విన్నాను. అయినా చెప్పవలసిన చోట చెప్పాను.

చివరకు ఖర్చు. టైలకు అనుకొన్న మొత్తాన్ని నేను చూడలేదు గాని, స్కార్ఫుల లెక్క మాత్రం దర్జీని అడిగి తెలుసుకొన్నాను. 75 సెంటీమీటర్ల చదరపు గుడ్డను మూలకు మూల కోస్తే రెండు స్కార్ఫులవుతాయి. మనకు కావలసినవి మూడు; రోవర్ దళంలో మేమిద్దరము, రేంజర్ దళంలో ఒకరు. ఆ వెడల్పు గల నూలు గుడ్డ ఒకటిన్నర మీటరు తీసుకొంటే నాలుగు వస్తాయి. మూడింటిని మేము ధరిస్తాము. నాలుగవ దానిని దళపు పెట్టెలో ఉంచుతాము. ఏ విద్యార్థి స్కార్ఫ్ అయినా తెల్లవారేసరికి ఆరకపోతే, ఆ రోజుకు అది అతనిది.